తొందరగా వెలిగిన పచ్చలైటు

అమీర్‌పేట సందులో నాకో పేరుండేది. ఎలక్ట్రిక్ బండి చార్జరు మీద నా చెయ్యి పడితే చార్జింగు సగం సమయంలో అయిపోతుందని. ఎలా అయ్యేదో మాత్రం నేనెవరికీ చెప్పలేదు.

బ్యాటరీ మొదట్లో గబగబా కరెంటు తీసుకుంటుంది. నిండబోయే దశలో చార్జరు కరెంటు తగ్గించి, చివరి భాగాన్ని నిదానంగా నింపాలి. గంటలు పట్టేది అక్కడే. నేను బోర్డు మీది చిన్న స్క్రూలు తిప్పి కరెంటు పెంచి, ఆ చివరి భాగాన్ని ఎగ్గొట్టేవాణ్ణి. పచ్చలైటు తొందరగా వెలిగేది.

మాసబ్ ట్యాంక్‌లో పనిచేసే ఒక గుమస్తా అలాగే వచ్చాడు. పోలియో వల్ల అతని ఎడమకాలు పనిచేయదు. పక్క చక్రాలు కట్టించిన ఎలక్ట్రిక్ స్కూటరు మీద ఎస్.ఆర్. నగర్ నుంచి రోజూ ఒక్కడే ఆఫీసుకు వెళ్లివచ్చేవాడు.

"అన్నా, ప్లగ్గు సూస్తే సాలు మా ఇంటి ఓనరు మొఖం మాడ్చుకుంటుండు. జర జల్ది నిండేటట్టు చెయ్యి."

"రేపటి సంది నీ ఓనరే నీకు చాయ్ పోస్తడు, పో" అన్నాను.

కొన్ని నెలలకు ఆ స్కూటరు ఎర్రమంజిల్ దగ్గర ఆగిపోయింది. దారినపోయేవాళ్లు అతన్ని దాని మీదే కూర్చోబెట్టి, పంజాగుట్ట దాటించి నా దాకా తోసుకొచ్చారు. సీటు కింద పెట్టుకున్న చార్జరు తీసి విప్పాను. బోర్డు ఒకవైపు వేడికి కమిలిపోయి ఉంది. ఎన్నడూ పూర్తిగా నిండకపోవడం వల్ల బ్యాటరీలు ఇక పనికిరాకుండా పోయాయి. అది నా పనే. మూత బిగించేశాను.

"బండి వేడి మీదనే ప్లగ్గు పెడుతున్నవా?"

"ఒక్కోసారి... ఆఫీసుకెల్లి రాంగనే పెడ్త."

"గదే మరి. నువ్వే ఖరాబ్ చేసుకున్నవ్."

అతను వాదించలేదు. "నాదే తప్పన్నా" అన్నాడు.

కొత్త బ్యాటరీలకు భార్య ఒప్పుకోలేదట. ఎన్ని తెచ్చినా అతను ఇలాగే పాడు చేస్తాడని ఆమె నమ్మింది. ఓ పొద్దున పంజాగుట్టలో వాళ్లను చూశాను. ఆమె అతని చంకలో చెయ్యేసి షేర్ ఆటోలోకి ఎక్కిస్తోంది. "నీ తొందరతోనే కదా గీ తిప్పలు" అంటోంది. అతను నన్ను చూసి, నవ్వబోయి, తల తిప్పుకున్నాడు.

వెళ్లి చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. ఆదివారం వాళ్లింటికి వెళ్లి, తలుపు దగ్గరే నిలబడి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. అతను మంచం మీద నుంచే వంటింటి వైపు తిరిగి భార్యను పిలిచాడు.

"ఇటు రా. అన్న ఏం చెప్తుండో ఇను. బండి పాడు చేసింది నేను కాదంట."

ఆమె తడిచేతులతో వచ్చి నిలబడింది.

"మల్ల చెప్పన్నా. ఆమె ముంగట చెప్పు."

స్క్రూల దగ్గర్నుంచి అంతా మళ్లీ చెప్పాను. ఆమె భర్త వైపు తిరిగింది. "ఎన్ని మాటలంటి నిన్ను" అంటూ అతని పక్కన కూలబడింది.

బ్యాటరీలు నేను వేయిస్తానన్నాను.

"ఇయ్యాల పో అన్నా" అన్నాడతను, నా వైపు చూడకుండా.