బయమ్మ ఎండబెట్టిన బురద

కణేకల్ దగ్గరి ఆ ఊళ్లో మట్టిగోడ మెత్తాలంటే బయమ్మ చెయ్యి పడాల్సిందే. తెచ్చిన మట్టిని ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టి, పురుగు చేరకుండా ఇంత వేపాకు పొడి కలిపి దాచడంలో ఆమె పెట్టింది పేరు. నలభై ఏళ్లుగా అదే పని.

అలాంటి మనిషి చేతికి బురద కుండ ఇచ్చి వెళ్లడం, నన్నడిగితే, హేమ తప్పే. హేమ పక్కింటి తిప్పన్న కూతురు, బయమ్మ ఎత్తుకుని పెంచిన పిల్ల. అనంతపురంలో ఎమ్మెస్సీ చదువుతోంది. "అవ్వా, కుంటలో మిగిలిన బురద ఇది. నా ప్రాజెక్టంతా దీనిమీదే ఉండాది. సోమవారం వస్తా, భద్రం" అని చెప్పింది గానీ, అందులో ప్రాణాలున్నాయని చెప్పలేదు.

భద్రమంటే బయమ్మకు తెలిసింది ఒకటే. మూడు రోజులు మిద్దెమీద ఎండబెట్టింది. గోడమట్టికంటే మెత్తగా దంచింది. వేపాకు పొడి రెండు పిడికిళ్లు ఎక్కువే కలిపి డబ్బాకెత్తింది, పిల్ల చదువు కదా మరి.

సోమవారం డబ్బా మూత తీసిన హేమ అక్కడే చతికిలబడింది.

"అవ్వా, దీంట్లో కంటికి కనపడని జీవాలుండినాయి. అన్నీ సచ్చిపోయింటాయి. కుంట జూస్తే నెర్రెలిచ్చింది. ఇంగ యాడ తెచ్చేది?"

పిల్ల తిట్టినా బాగుండేది. తిట్టలేదు. బయమ్మ గడ్డపార, ఖాళీ కుండ తీసుకుని కుంటకు నడిచింది. ఏ మూల తడి చివరిదాకా నిలుస్తుందో మట్టి పిసికిన చేతులకు తెలుసు. తూము రాళ్ల నీడలో మోకాలిలోతు తవ్వితే నల్ల బురద తగిలింది. కుండకు తడిగోనె చుట్టి, చంటిబిడ్డను మోసినట్టు మోసుకొచ్చింది.

హేమ ఆ బురదనీటి చుక్కను కాలేజీ నుంచి తెచ్చుకున్న మైక్రోస్కోపు కింద పెట్టి, పక్కన అయస్కాంతం ఉంచింది. కాసేపటికి "ఉండాయవ్వా, చూడు!" అని అరిచింది. చుక్కల్లాంటి జీవాలు ఒకే వైపు పోతున్నాయి. అయస్కాంతం తిప్పితే అవీ తిరిగాయి.

"వాటి కడుపులో దారానికి గుచ్చిన పూసల మాదిరి ఇనుప రవ్వలుంటాయి. ఎవురూ పెట్టింది గాదు, అవే చేసుకుంటాయి. గాలి ఎక్కువైతే వాటికి పడదు. భూమి గూడా అయస్కాంతమే గదా, కిందికి, బురదలోకి దోవ చూపేది ఆ రవ్వలే."

బయమ్మ చాలాసేపు కన్ను తీయలేదు.

"నేను ఎండబెట్టినప్పుడు గూడా కిందికే పోదామని జూసింటాయి పాపా. కింద మిద్దె తగిలింటాది."

హేమ అవ్వ చెయ్యి పట్టుకుంది.

పని అయ్యాక మిగిలిన బురదను బయమ్మ పారబోయనివ్వలేదు. ఎండ తగలకుండా కొంగు కప్పి కుంటకు తీసుకుపోయింది. తూము దగ్గరి గుంతలో వేసి, పైన తడిమట్టి కప్పింది.

"పోండి నాయనా, లోపలికి పోండి" అంది.

తాగడానికి తెచ్చుకున్న చెంబుడు నీళ్లూ దానిమీదే పోసింది.