హమీద్ కారుకు కొత్త గాలి

హాలియా బస్టాండు పక్కన పాత అంబాసిడర్ నిలిపి, బానెట్ ఎత్తి, ఇంజను చప్పుడుకు చెవి ఒగ్గి నిలబడడం అబ్దుల్ హమీద్‌కు రోజూ పొద్దున అలవాటు. ఆ కారుకు ఒక్కటే జబ్బు. ఎండాకాలం గుట్ట దారి ఎక్కాలంటే ఆయాసపడి ఆగిపోయేది. ప్రయాణికులు దిగి నడిచేవారు. హమీద్ తలవంచుకుని ఖాళీ కారును పైకి తోలేవాడు. ఇంజను తన వేడిగాలినే తాను పీల్చుకుంటోందని ఆ ఏడు అతనికి తోచింది. ఇంట్లో పిండి పోసుకునే రేకు డబ్బాను కత్తిరించి, గొట్టంగా చుట్టి, ఎయిర్ ఫిల్టర్ మూతి నుంచి ముందు జాలీ దాకా బిగించాడు. "ఇంజనుకు గాలి దొరికె, నా పిండికి జాగ లేకపాయె" అని భార్య లాడ్లీ బేగం నవ్వింది.

మర్నాడు మధ్యాహ్నం ప్రమీలమ్మ కారెక్కింది. దేవరకొండలో ఉన్న బిడ్డ దగ్గరికి ఆమె ఎప్పుడూ ఈ కారులోనే పోతుంది. గుట్ట మొదలు రాగానే అలవాటుగా చెప్పులు తొడుక్కుని తలుపు మీద చెయ్యి వేసింది.

"జర కూసోండ్రి అమ్మా" అన్నాడు హమీద్. ఆమె చెయ్యి తియ్యలేదు. కారు మూలిగింది, వణికింది, కానీ ఆగలేదు.

పైకి చేరాక అతనే ఆపి, బానెట్ ఎత్తి, గొట్టం పట్టి చూడమన్నాడు. ప్రమీలమ్మ భయంభయంగా వేలు ఆనించి, తరువాత అరచెయ్యంతా ఆనించింది.

"సల్లగేం లేదు హమీదూ. గని కాలుతలేదు."

"గంతే కావాలె అమ్మా!"

ఆమె వెనక్కి తిరిగి కిందికి చూసింది. "గింత పొట్టి దారికేనా ఇన్నేండ్లు నడిచినం?" అని ఆమె నవ్వుతుంటే, హమీద్ జేబురుమాలు తీసి గొట్టం మీది దుమ్ము తుడిచాడు.