కొర్రన్నం పెట్టి పంతం నెగ్గించుకున్న మా సుంకమ్మ వదిన

నిన్న పొద్దున్నే ఆదోని నుంచి ఫోన్. మా అన్న కొడుకు.

"చిన్నాయనా, ఇంట్లో..." అని ఆగిపోయాడు.

"అన్నకేమన్నా అయిందా?" అన్నాను వెంటనే. ఎనభై దాటిన మనిషి కదా, ఎప్పుడో ఒకరోజు ఈ ఫోన్ వస్తుందని లోపల భయం ఉంటుంది.

"కాదు చిన్నాయనా. అమ్మ."

షాక్. సుంకమ్మ వదిన పోవడమేంటి? నిద్రలోనే పోయిందట. ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

వదిన తెలియని వాళ్ళ కోసం రాస్తున్నాను.

డెబ్బైల్లో ఎమ్మిగనూరు నుంచి మా ఇంటికి కోడలిగా వచ్చింది. అప్పటికే మా నాయన లేడు. చక్కెర జబ్బు. పత్తి మిల్లులో ఉద్యోగం దొరికాక మూడు పూటలా తెల్లన్నం, నెయ్యి, వేటమాంసం. జబ్బు వచ్చాక కూడా డాక్టర్ మాట చెవిన పెట్టలేదు. ముందు కాలు తీసేశారు, తర్వాత మనిషే పోయాడు.

మా అమ్మ చిన్న వయసులోనే బొట్టూ గాజులూ తీసేసి వంటింట్లో ఒక మూల చేరింది. చుట్టాలొస్తే ముందుకొచ్చేది కాదు.

కొత్త కోడలు అది రోజూ చూసింది. మా అన్న ఈరన్నకేమో అచ్చం నాయన పోలిక. నాలుక కూడా నాయనదే.

ఒకరోజు అందరి ముందే అన్నకు చెప్పేసింది.

"విను. నేను ముత్తైదువగానే పోవల్ల. నీకంటే ముందు పోవల్ల. దానికి నువ్వు గట్టిగా ఉండల్ల. నీ మింద ప్రేమతో సెప్తాండా అనుకోవాకు, నా గాజుల కోసరం సెప్తాండా."

అంతే, మరుసటి రోజు నుంచి ఇంట్లో మెనూ మారిపోయింది.

జొన్నరొట్టె, గురెళ్ళ (వెర్రి నువ్వుల) కారం. కొర్రన్నం, తోటకూర పప్పు. సాయంత్రం అలసంద గుగ్గిళ్ళు. తెల్లన్నం పండక్కి మాత్రమే. మాంసం, వేపుళ్ళు అంతకంటే అరుదు.

అన్నతో పాటు నాకూ అదే శిక్ష. నేనేం పాపం చేశాను వదినా అంటే, "నీకూ ఒకతి వస్తాది గదా, దాని గాజులు ఎవురు సూడల్ల?" అంది.

అన్నకు బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి అంటే ప్రాణం. వదిన ఆదోనిలో ఒక్క హోటల్ కూడా వదలకుండా చెప్పి వచ్చింది. ఆయన మొహం చూస్తేనే బజ్జీలు అయిపోయాయనేవాళ్ళు.

ఒక ఆదివారం పనుందని చెప్పి, నన్ను తోడు తీసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాడు. హోటల్లో దర్జాగా కూర్చుని రెండు ప్లేట్లు చెప్పాడు.

హోటలాయన నవ్వుతూ వచ్చాడు. "బావా, బాగుండావా?"

మా అన్న తెలివి చూడండి. పెళ్ళాం నుంచి తప్పించుకోవడానికి పెళ్ళాం పుట్టిన ఊరికే పోయాడు! ఆ ఊళ్ళో సగం మంది వదినకు అన్నో తమ్ముడో వరస.

"అక్క మొన్ననే సెప్పి పోయినాది బావా. నీకు బజ్జి పెడితే నా అంగడి ముందర వచ్చి కూసుంటాదంట" అని ఉడకబెట్టిన శెనగలు తెచ్చి ముందు పెట్టాడు.

నాకు మాత్రం బజ్జీలే వచ్చాయి. తిన్నాను. ఎందుకు తినను? అన్న ఒక్కో గింజా నములుతూ నా వైపు చూసిన చూపు ఉంది చూశారూ, అబ్బబ్బా!

తర్వాత నా పెళ్ళి.

తుగ్గలి నుంచి అమ్మాయి వాళ్ళు మా ఇల్లు చూడటానికి వచ్చారు. అప్పట్లో సంబంధానికొచ్చిన వాళ్ళకు వరి అన్నం పెట్టడం మర్యాద. ఇంట్లో లేకపోతే పక్కింట్లో అడిగి తెచ్చైనా పెట్టేవాళ్ళు. కొర్రన్నం పెడితే అవమానం కింద లెక్క.

చుట్టాల పేరు చెప్పి తెల్లన్నం, నెయ్యి, ఓళిగలు (బొబ్బట్లు) లాగించొచ్చని అన్న ఎన్ని రోజుల నుంచో కాచుకుని ఉన్నాడు. ఆ సంగతి వదినకు తెలియదా?

అందరికీ విస్తర్లలో కొర్రన్నం వడ్డించింది.

మా కాబోయే మామ లేచి నిలబడ్డాడు. "మేమేమన్నా కూలికొచ్చినామా? సంబంధానికొచ్చినోళ్ళకు కొర్రన్నం పెడతారా ఎవురన్నా?"

అయిపోయింది నా పెళ్ళి అని తల పట్టుకున్నాను. అన్న మెల్లగా "లోపల బియ్యం ఉండాయి గదా..." అన్నాడు. ఆశ!

వదిన జంకలేదు. "మా మామ జబ్బొచ్చినా తెల్లన్నం, నెయ్యి మానలేక పోయినాడు. ఈ ఇంటి మగోళ్ళది అదే రక్తం. మీ బిడ్డ పది కాలాలు ముత్తైదువగా ఉండల్లంటే ఈడ ఇదే తిండి. ముందే సూపిస్తాండా."

అప్పుడు లోపలి నుంచి మా అమ్మ వచ్చింది. ఎవరి ముందుకూ రాని మా అమ్మ.

"కూసో అప్పా. నా కోడలికుండే బుద్ధి ఆ పొద్దు నాకు ఉండింటే, నేను ఇట్ల ఉండను."

మామ కూర్చున్నాడు. తిన్నాడు. మళ్ళీ వడ్డించుకున్నాడు కూడా.

(ఇది చదివి మా ఆవిడ, "మా నాయన ఆ పొద్దు ఇంటికొచ్చి మళ్ళా తెల్లన్నం వండిచ్చుకుని తిన్నాడు" అంటోంది. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మాట ఇప్పుడు చెప్తోంది!)

అన్నకు గానీ నాకు గానీ ఇప్పటివరకు చక్కెర లేదు. అంతా తిండి వల్లేనా అంటే డాక్టర్లు చెప్పాలి. వదినకైతే ఏనాడూ డౌట్ లేదు.

నిన్న మేం వెళ్ళేసరికి ఆడవాళ్ళు వదినకు పసుపు రాసి, పెద్ద బొట్టు పెట్టి, చేతుల నిండా పచ్చ గాజులు వేశారు.

అన్న ఎవరి సాయమూ లేకుండా నేల మీద కూర్చున్నాడు. ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"అనుకున్నట్టే పోతివి గదే. నన్ను ఇంత గట్టిగా సేసి పెట్టి పోతివి. ఇప్పుడు ఈ ఒళ్ళు పెట్టుకుని ఒక్కణ్ణి నేనేం సెయ్యల్ల?"

నాకు ఏడుపు ఆగలేదు. ఇది రాస్తుంటే ఇప్పుడూ ఆగడం లేదు.

పోయి రా వదినా. కోరుకున్నట్టే వెళ్ళావు. అక్కడైనా ఎవరి పళ్ళెంలోకీ తొంగి చూడకుండా కాస్త నిమ్మళంగా కూర్చో.