చబ్బూ, చాయంత్రం

రెండు వేల పద్నాలుగు అక్టోబరు తుఫాను విజయనగరంలో మా ఇంటి మీద పెద్దగా పగ తీర్చుకోలేదు. వంటింటి అటక మీది రేకు ఒకటి లేచిపోయింది, అంతే. కానీ సరిగ్గా ఆ రేకు కిందే నా పాత డైరీలున్నాయి. వాన వెలిశాక అట్టపెట్టె కిందికి దించబోతే అడుగు ఊడిపోయి, నా చిన్నతనమంతా నీళ్ళోడుతూ నేల మీద పడింది.

కరెంటు లేదు, సెల్‌ఫోను చచ్చిపోయింది, నేను తెలుగు పాఠాలు చెప్పే జూనియర్ కాలేజీకి సెలవులు. ఎండ కాసిన మొదటి రోజున డైరీలన్నీ మేడ మీదికి చేర్చి, కొన్నిటిని వడియాల్లా చాప మీద పరిచి, కొన్నిటిని బట్టల తీగకు వేలాడేశాను. మా ఆయన పైకొచ్చి, "వీటిల్లో నా గురించేటైనా ఉందేటి?" అన్నారు. అప్పటికి మీరింకా నాకు తగల్లేదన్నాను. నిశ్చింతగా కిందికి వెళ్ళిపోయారు.

ఆరబెట్టడానికి వెళ్ళిన దాన్ని చదువుతూ కూర్చుండిపోయాను. డిగ్రీ రోజుల డైరీలు భరించడం కష్టం. చంద్రుడి మీద అన్ని పేజీలు ఎలా రాశానో, ఆ చంద్రుడెలా ఊరుకున్నాడో తెలియదు. పెళ్ళే చేసుకోనని ఒక శపథం, కలెక్టరునవుతానని ఇంకో శపథం, పెరుగన్నం మానేస్తానని మరొకటి. ఒక్కటీ నిలబడలేదు. అయినా ఆ పిల్ల మీద కోపం రాలేదు. చాలా కాలానికి ఎదురుపడిన దూరపు చుట్టంలా, ముఖం తెలిసినట్టే ఉంది గానీ ఏం మాట్లాడాలో తోచలేదు.

అంతలో మా అప్ప దిగింది. మా వైపు అక్కని అప్ప అంటాం. తనది ఆమదాలవలస దగ్గర పల్లెలో వరీ మినుమూ పండించుకునే సంసారం. రైళ్ళు తిరగడం మొదలవగానే బియ్యం, కొబ్బరికాయలు, ఒక డబ్బా నిండా సున్నుండలు మోసుకుని వచ్చేసింది. మెట్లెక్కి, ఆయాసం తీర్చుకుని, నాతో అంది:

"అందరూ బాగున్నారా? చున్నుండలు తెచ్చాను. చాయంత్రం తిందురుగాని."

నా ప్రాణం ఉసూరుమంది.

సంగతేమిటంటే, మా వాళ్ళ నోట్లో 'చ' మెత్తబడి 'స' అయిపోతుంది. చెప్పు సెప్పవుతుంది, చూడు సూడవుతుంది. కాస్త నాజూగ్గా మాట్లాడాలనుకున్న మనిషి ఆ 'స'లన్నిటినీ దిద్దడం మొదలుపెడుతుంది. ఏది అసలైన 'స'యో, ఏది మా ఊరి 'స'యో తెలియక, ఎదురైన ప్రతిదాన్నీ పట్టుకుని 'చ' చేసేస్తుంది. మా అప్ప తన మొగుడితో ఇలా మాట్లాడదు. కోడలితో, కూలీలతో, సంతలో బేరం దగ్గర, ఆఖరికి మా ఆయనతో కూడా ఇలా మాట్లాడదు. అక్కడ తన నోరు వంశధార. తెలుగు చెప్పే చెల్లెలి ముందు తెలుగు తప్పకూడదని, పాపం, నా దగ్గర మాత్రమే ప్రతి మాటా కడిగి పెడుతుంది. అలా ఎన్ని మాటలని కడుగుతుంది? నాలుగు ముక్కలకే అలసిపోయి, "మరి వెళ్తాను" అని లేస్తుంది. ఏళ్ళుగా ఇదే వరస. నాకున్న ఒక్కగానొక్క తోబుట్టువు. నాకు కావలసింది తన కబుర్లు, దొరికేది మర్యాద.

ఆ రోజూ అంతే. చాప చివర ఒద్దికగా కూర్చుని, తీగ మీది డైరీల వంక చూసి, "ఇవన్నీ నీ చర్టిఫికెట్లా?" అంది.

"కాదప్పా, డైరీలు. వీటి నిండా నీ మీద చాడీలే. వింటావా?"

చేతికందింది తీశాను. తొమ్మిదో తరగతిది. ఎరువుల కొట్టువాళ్ళు పంచిన డైరీ, మా మావ తెచ్చిచ్చాడు. పేజీ పేజీకీ ఒక పురుగు బొమ్మ. ఆ పురుగుల మధ్య రాసిన పిల్లకి మాత్రం భయమన్నది లేదు. నోటికొచ్చింది వచ్చినట్టు పెట్టేసింది.

"అప్ప నా రిబ్బను ఎట్టుకుని సంతకెల్లిపోనాది. అడిగితే నీది కాదన్నాది. మరెవుల్ది? రేపు దాని జెడ కత్తిరించెస్తాను."

మర్నాటి పేజీలో, "జెడ కత్తిరించలేదు. అప్ప జీడిమావిడి పండు ఎట్టినాది."

అప్ప పెదవులు బిగబట్టింది. "చరదాగానే రాశావు" అంది జాగ్రత్తగా.

పట్టు వదలకుండా ఇంకోటి తీశాను. ఇంటర్‌కి నన్ను గుంటూరు వైపు హాస్టల్లో వేశారు. వెళ్ళిన రోజే నేను "ఏటి?" అన్నందుకు గదిలో అమ్మాయిలంతా పడీ పడీ నవ్వారు. దాంతో నా డైరీలో కూడా భాష మారిపోయింది. ఆ కొత్త భాషని ఇట్టే పట్టేశానని ఇప్పటికీ మా విద్యార్థులకి గొప్పలు చెబుతుంటాను. ఆ రోజు వరకూ నేనూ అదే నమ్మాను. అంటుకుపోయిన కాగితాలు విడదీసి, గొంతు సవరించుకుని పైకి చదివాను.

"ఈ రోజు చబ్బు అయిపోయింది. చాయంత్రం చాంబారు నీళ్ళలా ఉంది. ఆదివారం అందరూ చినిమాకి వెళ్తారట. నాకు మా అప్ప దగ్గరికి వెళ్ళాలని ఉంది."

చదవడం ఆపేశాను. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఆ పిల్ల మీద జాలేసింది. ఎవరూ చూడని డైరీలో కూడా, ఎవరో వింటున్నట్టు భయపడుతూ రాసుకుంది. పక్కన కూర్చుని, "ఇక్కడెవరూ లేరే, నీకొచ్చినట్టు రాసుకో" అని చెప్పాలనిపించింది. ఇంతసేపూ దూరపు చుట్టంలా ఉన్నది ఒక్కసారిగా నా సొంత మనిషైపోయింది.

"ఏదీ, మళ్ళీ చదువు" అంది అప్ప.

మళ్ళీ చదివాను.

"చబ్బా?"

"చబ్బే."

అప్ప నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. ఇంక ఆ కొంగు ఆపలేకపోయింది. "అయిబాబోయ్! చాంబారేటే! ఒసే, కాలేజీలో పిల్లలకి తెలుగు సెప్తన్నది నువ్వేనేటి? ఆలకీ సంగతి తెల్సా?"

పక్కింటావిడ పిట్టగోడ మీంచి తొంగిచూసింది. అప్పకి అదేం పట్టలేదు. చాప మీద వెనక్కి వాలిపోయి నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది, మళ్ళీ "చబ్బు" అంటోంది, మళ్ళీ నవ్వుతోంది. నేనూ కడుపు పట్టుకుని నవ్వాను. ఇద్దరం అలా నవ్వుకుని ఎన్నాళ్ళయిందో గుర్తులేదు.

నవ్వు సద్దుమణిగాక నాకేసి తిరిగింది.

"నాకొక్కర్తికే ఇలగవుతాదనుకున్నాను. నీకూ అయినాదా?"

"అయింది అప్పా."

"మరి సెప్పవేటే ఇన్నాల్లూ? నీకాడికొచ్చినప్పుడల్లా రైల్లో కూకుని మాటలు దిద్దుకుంటన్నాను. పేనం పోతన్నాది నాకు."

దారి పొడుగునా కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో డబ్బా పట్టుకుని, పరీక్షకి వెళ్ళే పిల్లలా లోలోపల మాటలు వల్లె వేసుకుంటూ వచ్చే మా అప్ప కళ్ళకు కట్టింది. ఇంక ఊరుకోలేక, ఆ తొమ్మిదో తరగతి పిల్లని అరువు తెచ్చుకుని, "నాకు తెల్దప్పా. ఇకనించి మనం మనలాగే మాటాడుకుందుము" అన్నాను.

అన్నాను గానీ నా చెవికే ఎబ్బెట్టుగా తగిలింది. మా వాళ్ళని వెక్కిరించడానికి సినిమాల్లో పెట్టే హాస్యనటి మాట్లాడినట్టుంది.

అప్ప ఈసారి నవ్వలేదు. కాసేపు నా ముఖంలోకి చూసి, నా తల నిమిరింది.

"వద్దులేవే. నీ నోట్లోంచి అది ఎల్లిపోనాది. నాను మాటాడతాను, నువ్వు ఇను."