ఇరవై ఏడో రిఫరెన్సు

నా మొదటి పరిశోధనా వ్యాసాన్ని వేసుకుంటామని జర్నల్ నుంచి మెయిల్ వచ్చాక, నేను వారం పాటు ఒక్కచోట కుదురుగా కూర్చోలేకపోయాను. సైన్సు గురించి వాళ్ళకి ఏ పేచీ లేదు. పేచీ అంతా చివర్లో ఇచ్చిన రిఫరెన్సుల జాబితాతోనే.

ఖిదిర్‌పూర్ రేవు దగ్గర హుగ్లీ నీళ్ళలో పెరిగే బాక్టీరియా మీద మూడేళ్ళు పనిచేశాను. ఆ మూడేళ్ళలో పడని తిప్పలు ఈ అరవై మూడు వరుసలతో పడ్డాను. రచయిత ఇంటిపేరు ముందుండాలి, తరవాత పొడి అక్షరాలు, వాటి మధ్య చుక్కలు ఉండకూడదు, జర్నల్ పేరు వాలు అక్షరాల్లో, సంపుటం అంకె బొద్దుగా. ఒకచోట కామా తీసేస్తే ఇంకోచోట రెండు మొలిచేవి. భవానీపూర్‌లోని మా లాబ్‌లో కూర్చుని, లేచి, టీకి వెళ్ళి, వచ్చి మళ్ళీ లేచేవాణ్ణి. మా గైడ్ బెంగాలీ ఆయన. నన్ను చూస్తుంటే ఆయనకి తల తిరుగుతోందని, కాసేపు బయట తిరిగి రమ్మని రోజుకి రెండుసార్లు తరిమేవారు.

అసలు ఈ పేర్ల విషయంలో నాకు పాత కక్ష ఉంది. మా నాన్న రేవులో క్రేన్ నడిపేవాడు. నన్ను బళ్ళో వేసినప్పుడు మన తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు, నా పేరు వెనక చెప్పాడు. రాసుకున్న గుమస్తా లెక్కలో చివరి మాటే ఇంటిపేరు, ఈ ఊళ్ళో అందరికీ అంతే. అప్పట్నుంచి నన్ను మా ఇంటిపేరుతో పిలవని మాస్టారు లేడు. సెమినార్లలో మెడలో వేసే కార్డు మీదా అదే. నా సొంత పేరుతో పిలిచేది మా ఇంట్లో వాళ్ళే.

రిఫరెన్సులు పేర్చే సాఫ్ట్‌వేర్‌దీ ఆ గుమస్తా బుర్రే. చివరి మాట కనిపిస్తే చాలు, పట్టుకుని ముందుకి లాగుతుంది. ఇరవై ఏడో రిఫరెన్సు దగ్గర అది నాకు దొరికిపోయింది. హుగ్లీ నీటి మీద ఎన్నో ఏళ్ళ కిందట వచ్చిన నాలుగు పేజీల వ్యాసం అది. రచయిత ఒక్కరే, మూడు మాటల పేరు. మొదటి మాట చూడగానే మనవాళ్ళ ఇంటిపేరని తెలిసిపోయింది. మా రేవు క్వార్టర్ల వెనక మునిసిపాలిటీ పనివాళ్ళ ఇళ్ళ లైన్లలో ఆ ఇంటిపేరువాళ్ళు ఉండేవారు. చివరి మాట బైబిల్లోని పేరు. సాఫ్ట్‌వేర్ దాన్ని ముందుకి తెస్తే, నేను వెనక్కి నెట్టి ఇంటిపేరుని దాని చోట్లో కూర్చోబెట్టాను.

అచ్చుకి ముందు సరిచూసే ప్రూఫులు వచ్చినప్పుడు జర్నల్ వాళ్ళు అడిగారు కూడా. ఇరవై ఏడులో మీరిచ్చిన పేరూ, అసలు వ్యాసంతో నమోదైన పేరూ కలవడం లేదు, ఒకసారి చూడమన్నారు. తెలుగువాళ్ళకి ఇంటిపేరు ముందుంటుందని, నేనిచ్చిందే సరైనదని ఒక పాఠం రాసి పంపించాను. గైడ్‌కి చూపిస్తే, మీవాళ్ళ సంగతి నీకే తెలుస్తుంది అన్నారు. ఆ రోజు ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళాను.

అన్నం దగ్గర ఈ ఘనకార్యం అమ్మకి చెప్పాను, ఆ మూడు మాటల పేరుతో సహా. వడ్డిస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. అమ్మ పుట్టిల్లు హౌరా.

"మా చర్చిలో సండేస్కూలు చెప్పిన ఆవిడేనేటి?" అంది. "ఆ ముందు పేరు ఆవిడ రాయదురా. ఎవులైనా అంటే మాటాడ్డం మానీసేది. ఒకపాలి అడక్కుండా ఎందుకు రాసీసినావు?"

ఆవిడకి ఆ పేరంటే ఎందుకంత కిట్టదో అమ్మకీ తెలీదు. రచయిత బతికుండొచ్చని, నది దాటి లాంచీ దిగితే పదిహేను నిమిషాల నడకలో ఉండొచ్చని నాకు తట్టనే లేదు. రిఫరెన్సుల్లో ఉన్నవాళ్ళందరూ నాకు ఒక పేరు, ఒక సంవత్సరం, కొన్ని పేజీ అంకెలు. మర్నాడు సాయంత్రంతో ప్రూఫుల గడువు అయిపోతుంది, ఆ తరవాత అక్షరం కదలదు.

పొద్దున్నే బస్సులో బాబూఘాట్ వెళ్ళి హౌరా లాంచీ పట్టుకున్నాను. చోటున్నా కూర్చోలేదు. ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతుంటే, ఏమైనా పోగొట్టుకున్నావా దాదా అని ఒకాయన బెంగాలీలో అడిగాడు. ఆవిడతో ఏం చెప్పాలో మనసులో కడుతున్నాను, చెరిపేస్తున్నాను. నిజం చెప్పాలంటే, నేను రాసిందే సరైనదన్న మొండితనం అప్పటికీ చావలేదు.

అమ్మ చెప్పినట్టే ఆవిడ హౌరా స్టేషన్ వెనక సందులో, మేడ మీది గదిలో ఉంటోంది. డెబ్బై దాటి ఉంటాయి. అమ్మ పేరు చెప్పగానే లోపలికి పిలిచి, మరమరాలు కలిపి పెట్టింది. ఒక కాలేజీ లాబ్‌లో అసిస్టెంటుగా పనిచేసిందట. ఏళ్ళ తరబడి నది నీళ్ళు పట్టి తెచ్చి పరీక్షలు చేసేదట. పనంతా ఈమెదే కాబట్టి పేరూ ఈమెదే ఉండాలని అప్పటి ప్రొఫెసర్ పట్టుబట్టి, ఆ వ్యాసం ఆమె ఒక్కదాని పేరు మీద పంపించాడట. ఆ తరవాత ఆవిడ ఇంకేమీ రాయలేదు.

ప్రూఫు కాగితం చేతికిచ్చాను. భూతద్దం పెట్టుకుని ఇరవై ఏడో వరుస వెతికింది. దొరికాక భూతద్దం బల్ల మీద పెట్టి, కాగితం నా వైపు తోసేసింది. తిడుతుందనుకున్నాను.

"మా తాత మునిసిపాలిటీలో పాకీ పని చేసీవోడు బాబూ," అంది. "పొద్దున్న హాజరికి ఆ ఇంటిపేరెట్టే కేకేసీవోరు. వీధిలో పిల్లలూ అదే కేక. ఆ పేరు ఇంటే చాలు, ఏ పనోడో, ఏ కులమో తెలిసిపోయీది. బాప్తిస్మం తీసుకున్నాక తనకెట్టిన పేరునే మా అందరికీ ఇంటిపేరు చేసినాడు. ఆఫీసు కాయితాల్లోంచి పాతది పోనేదు. అందుకే వ్యాసం పంపినప్పుడు, నమోదులో తాత పేరే ముందరుండాలని చెప్పి మరీ రాయించినాను."

భూతద్దాన్ని కొంగుతో తుడుస్తూ, "నాకున్నది ఆ ఒక్క కాయితమే," అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఎవడో గుమస్తా నా పేరు తిరగేశాడని ఊహ తెలిసినప్పట్నుంచీ ఏడుస్తున్నవాణ్ణి, అదే పని ఆవిడకి చేశాను. సరిచూడమని వాళ్ళు అడిగినా చూడకుండా, పైగా పాఠం చెప్పాను. క్షమించమన్నాను. ముందు దాని సంగతి చూడమంది.

అక్కడే ఫోన్లో ప్రూఫులు తెరిచాను. ఒకసారి పంపేశాక మార్చడం కుదరదని జర్నల్ సైట్ చూపించింది. తప్పు నాదేనని, అసలు వ్యాసంతో నమోదైనట్టే పెట్టమని మెయిల్ రాశాను. గైడ్‌కి ఫోన్ చేసి ఆయన్నీ రాయమని బతిమాలాను. తిరుగు లాంచీలో జవాబు రాలేదు. లాబ్‌కి వచ్చాక రాలేదు. సాయంత్రం ఐదింటికి, పరిశీలిస్తాం అని ఒక్క ముక్క వచ్చింది.

ఆ ఒక్క ముక్కతో పదకొండు రోజులు వేగాను. ఫోన్ మోగితే ఉలిక్కిపడటం, మోగకపోతే తీసి చూడటం. ఏమైందని అమ్మ రోజూ అడిగేది, నేను రోజూ విసుక్కునేవాణ్ణి. మూడేళ్ళ పని అచ్చవుతోందన్న సంతోషం ఎటుపోయిందో తెలీదు. ఆ వరుస తప్పుగా వస్తే హౌరా వైపు మళ్ళీ ఎలా వెళ్ళాలన్నదే బెంగ.

పన్నెండో రోజు వ్యాసం జర్నల్ సైట్లోకి వచ్చింది. పైన నా పేరెలా ఉందో కూడా చూసుకోకుండా చివరికి వెళ్ళాను. ఇరవై ఏడు. తాత పేరు ముందుంది. పాత ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమై వెనక నక్కింది.

అచ్చు తీయించుకుని మళ్ళీ లాంచీ ఎక్కాను. ఈసారీ కూర్చోలేదు. ఆవిడ కాగితం తీసుకుంది గానీ భూతద్దం తీసుకోలేదు. తిరిగి నా చేతికే ఇచ్చి నన్నే చదవమంది. చదివాను. పేరు, సంవత్సరం, వ్యాసం శీర్షిక, జర్నల్, సంపుటం, పేజీలు. కళ్ళు మూసుకుని వింది.

"మరోపాలి చదువు బాబూ," అంది. "తాత పేరు కాడ కొంచెం మెల్లిగా."