నేల గాలి ఎరిగిన మావయ్య

మావయ్య పోయాడన్న కబురు నాకు తొమ్మిదో తరగతిలో పాఠం చెబుతుండగా వచ్చింది. జంషెడ్‌పూర్‌లో మేముండే భాలుబాసా పేట నుంచి మా పక్కింటావిడ ఫోను చేసి, "దీదీ, మామాజీ నహీ రహే. జల్దీ ఆయియే," అంది. బోర్డు తుడిచి ఆటో ఎక్కాను. డెబ్బై దాటిన మనిషి, అన్నం తిని వరండాలో పడుకుని మరి లేవలేదు. ఇంతకంటే మంచి చావు ఉండదని చూడవచ్చిన వాళ్లంతా అన్నారు. చావు సంగతి నిజమే కావచ్చు. బతుకు సంగతి మాత్రం నేను చెప్పాలి, ఆ బతుకుని చేదు చేసిన ఇద్దరిలో నేనొకదాన్ని కాబట్టి.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డున మా ఊరు. రాత్రి నేల మీంచి సముద్రం వైపు గాలి వీస్తే, తెల్లవారకముందే తెరచాప ఎత్తి వేటకి వెళ్లేవారు. ఆ గాలి వస్తుందో రాదో ముందు సాయంత్రమే చెప్పగలవాడని ఊరంతా మావయ్యనే అడిగేది. నాకు ఆరేళ్లప్పుడు నాన్న అలా వెళ్లి, గాలివానలో చిక్కుకుని తిరిగి రాలేదు. ఒడ్డున చేరిన జనం, "ఇలాటి రోజున ఎల్లమన్నదెవుడు?" అని అరుస్తుంటే మావయ్య ముందుకొచ్చి, "నేనే. నేల గాలి వీత్తాది, ఎల్లు బావా అన్నాను," అన్నాడట.

ఆ తర్వాత అతన్ని గాలి గురించి ఎవరూ అడగలేదు. ఊళ్లో ఉండనివ్వలేదు కూడా. జంషెడ్‌పూర్ వచ్చి గూడ్సు షెడ్డులో బస్తాలు మోసే పనిలో చేరాడు. రెండేళ్లకి మా నానమ్మ పోయాక అమ్మనీ నన్నూ తెచ్చుకున్నాడు. పెళ్లి చేసుకోలేదు. నా చదువంతా అతని వీపు మోసిన సిమెంటు బస్తాల పుణ్యం.

అమ్మ మాత్రం అతనితో మాట్లాడేది కాదు. అతను రెండడుగుల దూరంలో ఉండగానే, "మీ మావయ్యకి సెప్పు, నీలొచ్చాయని," అనేది నాతో. అతను విని, నేను చెప్పేదాకా ఆగి, అప్పుడు బిందె ఎత్తుకునేవాడు.

నేను ఇంకా ఘోరం చేశాను. నాకు పదహారేళ్లప్పుడు, ట్యూషన్ నుంచి ఆలస్యంగా వచ్చానని గుమ్మంలో అడిగాడు. "ఏటమ్మా, ఇంతసేపు?" అంతే. నేను హిందీలో జవాబిచ్చాను, సందంతటికీ అర్థం కావాలని. "తుమ్హారీ హవా మేరే బాప్ కో ఖా గయీ!" నీ గాలే మా నాన్నని మింగిందని. మావయ్య తల వంచుకుని లోపలికి వెళ్లాడు. మర్నాడు సాయంత్రం ట్యూషన్ వదిలేసరికి అవతలి గోడ పక్కన సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. దగ్గరికి రాలేదు. ఇంటిదాకా నా వెనకే సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు.

టీచరునయ్యాక ఒకసారి సముద్రం గాలి, నేల గాలి పాఠం వచ్చింది. పిల్లలకి ఎలా చెప్పాలని అతన్నే అడిగాను. తట్టలో ఇసుక, బేసిన్‌లో నీళ్లు పోసి పగలంతా డాబా మీద ఎండలో ఉంచాడు. పొద్దుగూకాక నా చెయ్యి పట్టి రెండిట్లోనూ పెట్టించాడు.

"సూడు, ఇసక అప్పుడే సల్లారిపోనాది. నీలింకా ఎచ్చగున్నాయి. నేల సల్లారితే దాని మీద గాలి బరువెక్కి సంద్రం మీదకి జారుద్ది. అంతే."

"వస్తుందని ముందే ఎలా తెలుస్తుంది?"

"ఆకాశం తేటగుండాల. పగలు సంద్రం మీంచి వీసిన గాలి పొద్దుగూకేసరికి ఆగిపోవాల. కొంతసేపు ఆకు కదలకూడదు. అప్పుడు పడవ సిద్దం సేసుకోవచ్చు."

"మబ్బుంటే?"

"మబ్బుంటే నేల దుప్పటి కప్పుకున్నట్టే, సల్లారదు. సీకటడ్డాక కూడా సంద్రం గాలి ఆగకుండా వీత్తంటే మరీ సెడ్డ. దూరాన ఏదో వత్తన్నట్టే. ఆ పూట ఒడ్డు దిగకూడదు."

ఎందుకో అడిగాను. "నాన్న వెళ్లిన ముందు సాయంత్రం మబ్బుందా?"

ఇసుక వేళ్లతో కెలుకుతూ, "ఉంది," అన్నాడు.

"గాలి?"

"ఆగనేదు."

"మరి వెళ్లమని ఎలా అన్నావు మావయ్యా?"

"తప్పైపోనాది తల్లీ," అని తట్ట ఎత్తుకుని మెట్లు దిగిపోయాడు.

అన్ని గుర్తులూ తెలిసిన మనిషి అంత మోటు తప్పు ఎలా చేస్తాడని నేను ఒక్క నిమిషం ఆలోచించలేదు. అలవాటైన నేరమే అతని మీద ఉంచి, పాఠం నోట్సు రాసుకున్నాను.

పదకొండో రోజు చుట్టాలు వెళ్లిపోయాక అమ్మ, "ఆడు ఎల్లొద్దన్నాడే," అంది.

నాకు అర్థం కాలేదు.

"మీ అయ్యకి మూడుసార్లు సెప్పాడు. నేనే ఇన్నేదు. ఇంట్లో గింజల్లేవు. నా తమ్ముడి మాటిని మూల కూకుంటే పిల్లకేటెడతానని తిట్టాను. మీ అయ్య తెరసాప బుజానేసుకుని ఎల్లిపోనాడు. తెలిత్తే మీ నానమ్మ నన్ను బతకనిచ్చేది కాదు. ఒడ్డున ఆడు నా మొకం సూసాడు. సూసి, నేనే అన్నానన్నాడు."

"మరి ఇన్నేళ్లూ అతనితో ఎందుకు మాట్లాడలేదమ్మా?"

"ఏ మొకమెట్టుకుని మాటాడతాను?"

అమ్మ మీద అరవాలనుకున్నాను. అరిచే అర్హత నాకెక్కడిది? ఊరికి ఫోను చేశాను. నాన్న చివరి తమ్ముడు అక్కడే ఉన్నాడు, నాన్న పోయేనాటికి పసివాడు. అంతా విని, "ఇప్పుడెందుకమ్మా?" అన్నాడు. "ఆ రోజు ఒడ్డునున్నోలు ఒక్కలూ మిగల్నేదు. కుర్రోలకి మీ మావెవుడో తెల్దు. ఆలు ఫోన్లో గాలి సూసుకుంటారు."

అందుకే మీకు చెబుతున్నాను. ఆ సాయంత్రం మావయ్య గాలిని సరిగ్గానే చెప్పాడు.

నేను ఫోను పెట్టేసేసరికి అమ్మ వరండాలో దీపం వెయ్యకుండా కూర్చుని ఉంది. తీగ మీంచి తీసిన మావయ్య తువ్వాలు ఒళ్లో పెట్టుకుని మడత పెడుతోంది. అంచులు సరిగ్గా కలవలేదేమో, విప్పి, దులిపి, మళ్లీ మొదలెట్టింది. సందులోంచి ఆటో వెళ్లినప్పుడల్లా వెలుతురు ఆమె చేతుల మీద పడి, గోడ మీదకి జారి పోతోంది.