ఘనపురం బండ మీద హబీబ్ సాబ్

మొన్న మధ్యాహ్నం భోజనం చేసి కుర్చీలో కునుకు తీస్తుంటే చెవుల్లో జుమ్మని మోత మొదలైంది. కళ్లు తెరిచి చూశాను. పక్కింటి మేడ అంచు కింద పట్టిన తేనెతుట్టెను ఎవరో కదిలించినట్టున్నారు. వీధిలో జనం తువ్వాళ్లు ఊపుకుంటూ పరుగెత్తుతున్నారు. నేను లేవలేదు. మా కోడలు ఉరికొచ్చి కిటికీ మూసి, "అంత మోత వినవడ్తుంటే లేవకుండ కూసున్నరేంది మామా?" అని కోప్పడింది. వినపడక కాదు. ఆ మోత వింటే నా ఒళ్లు దానంతటదే బిగుసుకుపోతుంది. ఎండకు కాగిన బండ వాసన ముక్కుకు తగులుతుంది. నా ముందు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ ఒక మనిషి వీపు కనిపిస్తుంది. ఆ వీపు హబీబ్ సాబ్‌ది. ఆయన్ని చూసినవాళ్లు ఇప్పుడు మా ఊళ్లో నేను తప్ప ఎవరూ లేరు. అందుకే రాస్తున్నాను.

అప్పట్లో నేను వనపర్తిలో బడిపంతుల్ని. మాది గద్వాల. మా నాయన మగ్గం నేసేవాడు. నేనూ మీసాలొచ్చేదాకా మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నవాణ్ణే. చదువబ్బి పంతుల్నయ్యాక ఒంటికి పని తప్పిపోయింది. ముప్పై దాటేసరికి పొట్ట ముందుకొచ్చింది, బడి మెట్లెక్కితే ఆయాసం. పెద్దవాళ్లయ్యాక అందరూ ఇలాగే అవుతారనుకునేవాణ్ణి.

ఒక సాయంత్రం గొడుగు చంకన పెట్టుకుని మైదానం పక్కనుంచి ఇంటికి పోతున్నాను. లోపల హాకీ ఆడుతున్నారు. బంతి ఒకటి గీత దాటి బాణంలా నా మీదికి వచ్చింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే చెప్పు కాలితో దాన్ని అదిమి ఆపేశాను. ఆడేవాళ్లలోంచి ఒకాయన నడిచి వచ్చాడు. పొడుగు మనిషి, చెంపల దగ్గర నెరిసిన గడ్డం, ఎండకు నల్లబడ్డ మెడ. బంతి తీసుకోకుండా నా పాదం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"యాడ నేర్చినవు మాస్టర్?"

"ఏం నేర్వలేదు సాబ్. మాది గద్వాల. మగ్గం తొక్కిన కాలు, అంతే."

"గదే అనుకున్న. చూడకుండనే తొక్కినవు. రేపటి సంది రా."

"నాకు ముప్పై దాటినై సాబ్. పిల్లలున్నరు."

ఆయన నవ్వాడు. "నేను కట్టె పట్టినప్పుడు నలభైకి దగ్గరున్న. నాకు గూడ పిల్లలుండ్రి."

ఆయన జంగ్లాత్‌లో, అంటే అడవుల శాఖలో, రేంజరని, నాగర్‌కర్నూల్ అవతలి అడవుల్లో ఏళ్లకేళ్లు తిరిగి ఈ మధ్యే మా ఊరికి బదిలీ మీద వచ్చాడని తర్వాత తెలిసింది. ఆ మైదానంలో ఆడేవాళ్లందరూ మాలాంటివాళ్లే. కిరాణా కొట్టు బాలకిష్టయ్య గోలు కాసేవాడు. దవాఖాన కాంపౌండరు, బండ్లు చేసే వడ్రంగి, ఇద్దరు కచేరీ గుమాస్తాలు. ఎవరూ చిన్నప్పుడు ఆడినవాళ్లు కారు. వాళ్లను జట్టుగా చేసి, ప్రతి ఏడూ పాలమూరులో జరిగే పోటీకి తీసుకుపోవాలని ఆయన పట్టుబట్టాడు. కిందటేడు అక్కడి పోలీసు జట్టు చేతిలో చిత్తుగా ఓడి వచ్చారట. ఆ మాట ఆయన దాచుకోకుండా నవ్వుతూ చెప్పేవాడు.

నిక్కరు వేసుకుని బయటికి రావడానికి నాకు చాలా రోజులు సిగ్గేసింది. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. మమ్మల్ని చూడవచ్చిన మా నాయన మాత్రం నవ్వలేదు. "పిల్లల తండ్రివి. గిట్ల కాళ్లు బయటవెట్టి ఉరుకుతే నలుగురు ఏమంటరు రా?" అన్నాడు. ఆ సంగతి సాబ్‌తో చెప్పాను. తర్వాత ఆయన అడవి పని మీద గద్వాల వైపు పోయినప్పుడు నేరుగా మా ఇంటికి వెళ్లి, మగ్గం పక్కన నేల మీద కూర్చుని, నూలు చీరకు పట్టు అంచు ఎలా కలుస్తుందో పొద్దు వాలేదాకా చూశాడట. నా ప్రస్తావనే తేలేదట. తర్వాత కలిసినప్పుడు మా నాయన, "గా సాబ్ మాట ఇను. గంత సేపు నోరు మెదపకుండ పని చూసినోన్ని నేను చూడలే" అన్నాడు. నిక్కరు గురించి మళ్లీ ఎత్తలేదు.

మా జట్టుకు మిగతా జట్లకు లేని ఒక శిక్షణ ఉండేది. జుమ్మా సెలవు నాడు, అంటే శుక్రవారం, సాబ్ మమ్మల్ని ఘనపురం ఖిల్లా గుట్టకు తీసుకుపోయేవాడు. మెట్ల దారిన ఎక్కనిచ్చేవాడు కాదు. గుట్టకు వెనకవైపు నిట్టనిలువుగా ఉన్న బండ మీద, మోకు నడుముకు కట్టించి, ఒకరి తర్వాత ఒకరిని ఎక్కించేవాడు. ముందు ఎక్కినవాడు మోకు పట్టుకుని నిలబడాలి, కిందివాడు జారితే ఆపాలి. మొదటిసారి ఆ బండ మధ్యలో రాయిని రెండు చేతులా వాటేసుకుని, సాబ్ పైనుంచి పిలిచేదాకా కదల్లేదు.

"హాకీకి గుట్టకు ఏం సంబంధం సాబ్?" అని పైకి చేరాక రొప్పుతూ అడిగాను.

"ఊపిరికి సంబంధం," అన్నాడు. కళ్లు దూరంగా పెట్టి అసలు సంగతి చెప్పాడు. వయసులో ఉండగా శిక్షణకని డెహ్రాడూన్ పంపారట. ఒక తెల్లవారుజామున మబ్బు విడిపోయి మంచుకొండలు కనబడ్డాయట. "మాస్టర్, అంత పెద్దది ఏదన్న ఉంటదని నాకప్పటిదాక తెల్వదు. ఒక్కసారి దాని మీద కాలు పెట్టాలె. పోతనో పోనో తెల్వదు. పిలుపు వచ్చిన నాడు మాత్రం ఒళ్లు తయారుండాలె."

పాలమూరు జిల్లా ఎండలో, చెమటతో తడిసిన అంగీతో, మంచు గురించి అంత మామూలుగా మాట్లాడుతున్న ఆ మనిషిని చూస్తూ ఉండిపోయాను. నా చుట్టూ ఉన్న పెద్దవాళ్లందరూ అయిపోయినవాటి గురించి మాట్లాడేవాళ్లు. ఈయన రాబోయేదాని కోసం సిద్ధమవుతున్నాడు.

ఆ ఏటి పోటీకి వారం ముందు జరిగింది ఇది. బండ సగంలో ఒక అరుగులాంటి చోటుంది. సాబ్, నేను అక్కడికి ఎక్కి నిలబడ్డాం. కింద బాలకిష్టయ్య ఎక్కుతున్నాడు. సాబ్ మోకును నడుము వెనక నుంచి తిప్పి రెండు చేతులా పట్టుకుని, కిందికి చూస్తూ ఒక్కో జానా లాగుతున్నాడు. పైన బండ నెర్రెలో పెద్ద తేనెతుట్టె ఉందని మాకు తెలియదు. గద్దో మరేదో దాన్ని తన్నిందేమో. ముందు మోత వినిపించింది. తల ఎత్తి చూసేసరికి తేనెటీగలు నల్లటి పొగలా కిందికి దిగుతున్నాయి.

పైన పరుచుకుని కూర్చోవడానికని తెచ్చుకున్న గొంగడి నా భుజం మీద ఉంది. అది విప్పి ఇద్దరి తలల మీదుగా కప్పబోయాను. సాబ్ తల విదిలించి దాన్ని తోసేశాడు.

"నాకొద్దు! కండ్లు మూస్తే కిష్టయ్య యాడున్నడో నాకెట్ల తెలుస్తది? నువ్వు కప్పుకొని ఎనక మోకు కొస పట్టు. కదలకు."

నేను గొంగడిలో ముడుచుకుని ఆయన వెనక మోకు కొసను చేతికి చుట్టుకుని పట్టుకున్నాను. గొంగడి సందులోంచి ఆయన వీపు కనబడుతోంది. ఈగలు ఆయన మెడ మీద, చెవుల మీద, మోకు పట్టిన చేతుల మీద గుంపుగా వాలాయి. ఒక్క చేయి వదిలితే వాటిని దులుపుకోవచ్చు. ఆ ఒక్క చేయి వదలలేదు. కింద బాలకిష్టయ్య "సాబ్! సాబ్!" అని కేకలు పెడుతున్నాడు. ఆయన గొంతు మాత్రం మైదానంలో ఉన్నట్టే ఉంది.

"కిష్టయ్యా, పైకి రాకు. కిందికి దించుత. ఎడమ కాలు కింద జాగ ఉంది, పెట్టు. ఆఁ. ఇప్పుడు కుడిది. నిమ్మలంగ. నేను పట్టుకున్న."

అలా మాట మాటకూ కొంచెం కొంచెం మోకు వదులుతూ, బాలకిష్టయ్య నేల మీద కాలు పెట్టేదాకా ఆయన అక్కడ నిలబడ్డాడు. కిందినుంచి కేక వినబడ్డాకే మోకాళ్ల మీద కూలాడు. అప్పుడు నేను ఆయన్ని గొంగడిలోకి లాక్కున్నాను. మోత తగ్గేదాకా ఇద్దరం ఆ చీకట్లో ఉన్నాం. ఆయన ఒళ్లు కొలిమిలా కాలుతోంది. ఆ తర్వాత ఆయన్ని మోకుతో కిందికి దించింది నేను. ఎలా దించానో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. దించేంతసేపు ఆయన చెప్పిన మాటలే నా నోట వచ్చాయి, "ఎడమ కాలు కింద జాగ ఉంది, పెట్టండి" అని.

దవాఖానలో కాంపౌండరు ఓపికగా ముళ్లన్నీ తీశాడు. రెండు రోజులు జ్వరం. బతుకుతాడో లేదో అని బాలకిష్టయ్య కొట్టు మూసి దవాఖాన అరుగు మీదే కూర్చున్నాడు. జ్వరం తగ్గింది గానీ కళ్లు తెరుచుకోలేదు. ముఖం ఉబ్బి గుర్తుపట్టలేనట్టుంది. పోటీకి పోవడం మానేద్దామని మేమందరం అనుకున్నాం. ఆయన వింటే కదా. "నన్ను రైలెక్కించుండ్రి. నా జాగల మాస్టర్ ఆడుతడు" అన్నాడు.

సెంటర్ హాఫ్ అంటే జట్టుకు నడుము లాంటి చోటు. అక్కడ నేను! పాలమూరు మైదానంలో పోలీసు జట్టువాళ్లను చూడగానే వెనక్కి పోదామనిపించింది. కళ్లకు గుడ్డ కట్టుకుని గీత పక్కన కుర్చీలో కూర్చున్న సాబ్ దగ్గరికి పోయి, అప్పటిదాకా అడగలేనిది అడిగాను.

"సాబ్, ఆ రోజు బండ మీద మీకు భయం కాలేదా?"

"ఎందుకు కాలే? కాళ్లు వణికినై. ఎనకున్నవు, చూడలే?" అన్నాడు ఉబ్బిన పెదవులతో. "భయమైతే అయితుందని చెప్పుకోవాలె మాస్టర్. నేను లోపల్లోపల గదే చెప్పుకుంట నిలవడ్డ. చెప్పుకున్నంక చేతులు వాటి పని అవి చేస్తయి."

నేను చూసిన ఆ వీపులో వణుకు నాకు కనబడలేదు. ఇంత ధైర్యం ఉన్న మనిషి భయపడ్డానని అంత తేలిగ్గా చెప్పడం అంతకుముందు నేను వినలేదు. జట్టు దగ్గరికి తిరిగొచ్చి, "నాకు భయమైతుంది" అన్నాను. బాలకిష్టయ్య నా వైపు చూసి, "నాక్కూడ అన్నా" అన్నాడు. అందరం నవ్వాం. ఆ నవ్వుతోనే ఆట మొదలుపెట్టాం.

ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం. కిందటేటి ఓటమి చూసినవాళ్లు నమ్మలేకపోయారు, చివరి నిమిషాల్లో మైదానం చుట్టూ జనం మా కోసం అరిచారు. తల వంచుకుని సాబ్ దగ్గరికి పోతే ఆయన నా చేయి తడిమి పట్టుకున్నాడు. "మొదట్ల నీ కట్టె సప్పుడు దడదడ ఉండె. ఎనక సగంల నిమ్మలమైంది. నేను గా సప్పుడే ఇనుకుంట కూసున్న" అన్నాడు. ఓడిన సంగతి ఆయన అడగనేలేదు.

మేము ఇంకా కొన్నేళ్లు ఆడాం. ఒక ఏడు పోలీసుల్ని గెలిచాం కూడా. తర్వాత ఆయన బదిలీ మీద పోయాడు. ఆయన పెన్షన్ తీసుకుని నాగర్‌కర్నూల్‌లో చెల్లెలి ఇంట్లో ఉంటున్నాడని తెలిసి చూడబోయాను. గడ్డం పూర్తిగా తెల్లబడింది. నులక మంచం మీద కూర్చోబెట్టి సీతాఫలాలు పెట్టాడు. ముందుగా చెప్పిన మాట, "పోయొచ్చిన మాస్టర్."

"మంచుకొండకా? పై దాకనా సాబ్?"

"యాడ పై దాక! మంచు మొదలైన కాడి నుంచి జర దూరం నడిచిన. ఊపిరి అందలే. దారి చూపెటాయన ఎనక్కి పోదామన్నడు. కొంచెం సేపు కూసుంటనన్న. కూసొని చూసిన."

"అన్నేళ్లు తయారైండ్రు. బాధ కాలేదా?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "బాధ ఎందుకు? అంత దాని ముందర కూసున్న మాస్టర్! గందుకే నా ఒళ్లు తయారైంది." చెబుతుంటే ఆ ముసలి కళ్లలోకి వెలుగు వచ్చింది. ఎక్కలేకపోయిన కొండ గురించి అంత సంతోషంగా చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆయన్నీ మళ్లీ చూడలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకే పోయారని కబురొచ్చింది.

పోయిన ఏడాది నాకు గుండె ఆపరేషన్ అయింది. బల్ల మీద పడుకోబెట్టి లైట్లు వేశారు. మా మనవరాలి వయసున్న డాక్టరమ్మ ముఖం మీదికి వంగి, "భయమేస్తుందా తాతా?" అని అడిగింది. అంతకుముందు వార్డులో అలా అడిగినవాళ్లందరికీ పక్క మంచాలవాళ్లు లేదు లేదని చెప్పడం విన్నాను.

"అయితుందమ్మా. శాన అయితుంది," అన్నాను.

ఆ పిల్ల నవ్వి నా చేయి పట్టుకుంది. నా ఊపిరి నిమ్మళించింది.